వెనక్కి తిరిగిన గన్ను

2022 చలికాలం. కరీంనగర్ బస్టాండుకు నాలుగు సందుల అవతల నా దుకాణం. నేను చేసేది మోడల్ మేకింగ్. అంటే ఇంకా కట్టని అపార్టుమెంటును, ఇంకా వెయ్యని రోడ్డును, ఎప్పటికీ తవ్వని ఈతకొలనును సన్‌బోర్డు మీద చిన్నగా కట్టి గాజుపెట్టెలో పెట్టి ఇవ్వడం. సన్‌బోర్డు అనేది అట్టకూ ప్లాస్టిక్కుకూ పుట్టిన బిడ్డ. బ్లేడు తగిలితే వెన్నలా తెగుతుంది. మధ్యలో వేలు అడ్డమొస్తే అదీ అంతే.

నేను కట్టిన ఇళ్లన్నీ నిజమైపోతే తెలంగాణలో కిరాయికుండే మనిషి మిగలడు. వెంచర్ల వాళ్లు అడిగితే కుంటను పార్కుగా మార్చాను, శ్మశానాన్ని ఫ్రేములోంచి జరిపాను, ఒకసారైతే గుట్టనే మాయం చేశాను. గుట్ట పోయినందుకు నా మీద కేసు పెట్టాల్సినవాళ్లు నాకు శాలువా కప్పారు. భూగోళాన్ని ఇంత సులువుగా జరిపిన చెయ్యి కాబట్టే, ఒక కందకం ఎటు పక్కన ఉండాలో తేల్చలేక నెల రోజులు నిద్ర పాడుచేసుకుంటానని అనుకోలేదు.

ఆ కందకాన్ని నా దుకాణంలోకి మోసుకొచ్చినవారు గఫూర్ సాబ్. మెట్‌పల్లిలో పసుపు వ్యాపారం. అంతకుముందు సైన్యంలో ట్యాంకు కమాండరు. ఆయన మీసాలు ముందుగా దుకాణంలోకి వచ్చాయి, కొంతసేపటికి ఆయన వచ్చారు. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. అందుకని ఎడమచేత్తోనే సలాము చేసి, ఎడమచేత్తోనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“శ్రీనివాస్ భాయ్, నాకు ఒక ట్యాంకు కావాలె,” అన్నారు.

“ఎంత పెద్దది సాబ్?”

“మా ఇంట్ల టీవీ పక్కన పట్టాలె. కానీ చూసినోని గుండె జల్లుమనాలె.”

ఉత్త ట్యాంకు కాదు, డయోరమా కావాలన్నారు. జరిగిన సంగతిని నేలతో, దుమ్ముతో, మనుషులతో సహా ఒక్క క్షణం దగ్గర ఆపేసి పెట్టెలో పెడితే దాన్ని డయోరమా అంటారు. ఆయన ఆపమన్న క్షణం ఇది. ఇసుక నేలల్లో ఫైరింగ్ అభ్యాసం. ట్యాంకు వెళ్తోంది. కుడిపక్కన పాత కందకం. కమాండరు గఫూర్ “బాయే”, అంటే ఎడమకు, అని ఆర్డరిచ్చారు. డ్రైవరు వినలేదు. బండి కందకంలోకి ఒరిగింది. పైన నడుము దాకా బయటికి నిలబడ్డ గఫూర్ సాబ్ కుడి భుజం ఇనుప అంచుకు కొట్టుకుని నుజ్జయింది. మెడికల్ బోర్డు ఆయన్ను ఇంటికి పంపేసింది.

“ఆ డ్రైవర్ ఎవడనుకున్నవ్? రాజమల్లు. బోథ్ పక్కోడు. తమ్ముని లెక్క చూసుకున్న. నేను ఎడమ అంటే ఎడమ దిక్కే పోయిన అంటడు ఇప్పటికీ. కందకం కుడి దిక్కున్నది భాయ్! ఇగో, నా కుడి భుజమే సాక్షి. ఎడమకు పోతే కుడి భుజం ఎట్ల పలుగుతది?”

ఈ సాక్ష్యాన్ని ఏ కోర్టూ కొట్టెయ్యలేదు. నేనూ తలూపాను.

ఫిబ్రవరిలో కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో వాళ్ల యూనిట్ పాత సైనికుల కలయిక. చుట్టుపక్కల జిల్లాల నుంచి అందరూ వస్తారు. ఆ రోజు బల్ల మీద ఈ పెట్టె పెట్టి, తప్పెవరిదో అందరికీ చూపించాలని ఆయన పట్టుదల. ఆర్డర్ వినని డ్రైవరని రాజమల్లుకు ఇప్పటికే పేరుంది. ఆ పేరుకు గాజుపెట్టె కట్టించాలన్నమాట.

పని మొదలుపెట్టాను. వన్ బై సిక్స్‌టీన్ స్కేలు, అంటే అసలు ట్యాంకులో పదహారు అంగుళాలుంటే నా దగ్గర ఒక అంగుళం. కిట్టు కొనకుండా అంతా చేత్తోనే చెయ్యడాన్ని మా వాళ్లు స్క్రాచ్ బిల్డ్ అంటారు, మా ఆవిడ చెత్త ఏరుకోవడం అంటుంది. చక్రాలు నీళ్లసీసా మూతలు. వాటికోసం నేను పిలవని పెళ్లిళ్లకు కూడా వెళ్లాను. గన్ను మా మామగారి గొడుగు కాడ. ఆ తర్వాతి వానాకాలమంతా ఆయన నన్ను అనుమానంగా చూశారు. మానేరు ఇసుకను జల్లెడ పట్టి పోస్తే గఫూర్ సాబ్ పెదవి విరిచారు, అక్కడి ఇసుక ఇంత నల్లగా ఉండదట. మర్నాడు సొంత పసుపు పంపించారు. కలిపి పరిచేసరికి యుద్ధభూమి అచ్చం చేపల పులుసుకు తయారైనట్టు ఘుమఘుమలాడింది.

కొత్తగా ఉన్న బొమ్మకు మట్టి, తుప్పు, గీతలు దిద్ది పాతగా చూపించే పనిని వెదరింగ్ అంటారు. బతుకంతా బీటలు కనబడకుండా దాచిన చేతులు ఇవి. మొదటిసారి బీటలు వెయ్యమంటే ఎక్కడ ఆపాలో వాటికి తెలియలేదు. చివర్లో, అలవాటు కొద్దీ, నేల మూలన ఉత్తర దిక్కు చూపించే బాణం గుర్తు అతికించాను. వెంచరు మోడలుకు అది లేకపోతే వాస్తు చూసేవాళ్లు దుకాణం తగలబెడతారు.

గఫూర్ సాబ్ ఆ బాణాన్ని చూసి పడిపడి నవ్వారు. “లడాయిల వాస్తేందయ్యా? తీసెయ్!” తీసేశాను.

ఇక్కడ ట్యాంకు గురించి రెండు ముక్కలు చెప్పాలి. కింది ఒళ్లును హల్ అంటారు, పైన గుండ్రంగా తిరిగే తలను టరెట్ అంటారు. గన్ను టరెట్‌కే ఉంటుంది. డ్రైవరు కింద హల్‌లో ముందువైపు కూర్చుంటాడు. అతనికి స్టీరింగు బదులు రెండు చేతుల్లో రెండు లివర్లు, అంటే ఇనుప కాడలు; ఏది లాగితే బండి అటు తిరుగుతుంది. ఏం జరిగినా అతని ముఖం ముందుకే. కమాండరు పైన టరెట్‌లో గుండ్రటి మూత తెరుచుకుని నిలబడతాడు. నా కమాండరు బొమ్మను గన్ను వైపు చూస్తున్నట్టుగా అక్కడ గట్టిగా అతికించాను. గఫూర్ సాబ్ మీసాలంత మీసాలు పెట్టబోతే బొమ్మ ముందుకు ఒరిగిపోయింది. తగ్గించాల్సొచ్చింది.

సగం పనిలో ఉండగానే గఫూర్ సాబ్ ఫోటో తీసి వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మూడో రోజు మధ్యాహ్నం ఒక సన్నటి మనిషి తలకు తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో సంచి, సంచి మీద పత్తి దూది. ముఖం చూడగానే దూరంనుంచి బస్సులో వచ్చినట్టు తెలిసిపోయింది.

“నేను రాజమల్లును. బోథ్ కాడ మా ఊరు. ఆ డబ్బా ఏదున్నదో జర చూపెట్టు తమ్మీ.”

చూపెట్టాను. ఆయన పెట్టె చుట్టూ తిరగలేదు. నేరుగా ట్యాంకు ముందుకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు బల్ల అంచుకు ఆనించి, డ్రైవరు ఎంత ఎత్తునుంచి చూస్తాడో అంత ఎత్తునుంచి చూశారు. నా దుకాణానికొచ్చిన ప్రతి మనిషీ మోడలును దేవుడిలా పైనుంచే చూస్తాడు. అలా నేలబారున చూసిన మొదటి మనిషి ఈయనే.

“కందకం గీ దిక్కు లేదు,” అన్నారు. “ఎడమ దిక్కున్నది. సాబ్ బాయే అన్నడు, నేను ఎడమ లివర్ గుంజిన. గీ చేతులకు యాదికున్నది తమ్మీ. గుంజిన, బండి ఒరిగింది. కందకం ఎడమ దిక్కు లేకపోతే ఎట్ల ఒరుగుతది?”

ఇదీ ఏ కోర్టూ కొట్టెయ్యలేని సాక్ష్యమే. నేను మళ్లీ తలూపాను. నా మెడ రెండు పక్షాలకూ సమానంగా పనిచేస్తుంది.

“కాకా, ఇదంతా ఎప్పటి ముచ్చటో గదా. ఇడిసిపెట్టరాదు?”

ఆయన మోకాళ్ల మీదనుంచి లేచారు. “నేను మావోళ్ల మీటింగులకు పోక శాన ఏండ్లాయె. పోతే ఒకడు ‘డ్రైవరొచ్చిండు, దారియ్యండ్రి’ అంటడు. అందరు నవ్వుతరు. సాబ్ చెయ్యి నా వల్లనే పోయిందంటే, తిట్టనీ, కొట్టనీ, పడత. కానీ ఆర్డర్ ఇనలేదంటే పడ. నేను ఇన్న. ఇన్నందుకే గట్లయింది. గా డబ్బా అందరి ముంగట పెడితే, నేను సచ్చినంక గూడ గదే పేరు ఉంటది.”

నాకేం చెయ్యాలో తోచలేదు. కానీ ఇరవై ఏళ్లుగా కుంటలు జరిపిన బుర్ర ఊరుకుంటుందా? కందకాన్ని విడి పలకగా చేశాను, ఎటు కావాలంటే అటు బిగించేలా. గఫూర్ సాబ్ వచ్చే ముందు కుడికి, రాజమల్లు కాకా ఫోను చేసి “ఫోటో పెట్టు తమ్మీ” అంటే ఎడమకు. ప్రపంచ చరిత్రలో ఇన్నిసార్లు ఊరు మారిన కందకం ఇంకొకటి ఉండదు. ఈ శాంతి ఒప్పందం కలయిక ముందురోజు దాకా నిలిచింది.

ఆ రోజు పొద్దున గాజుపెట్టె వచ్చింది. మూత దింపబోతే దిగలేదు. గన్ను గాజుకు గుద్దుకుంది. కొలతలు నావే. పలక కొలిచాను, గన్ను కొలవలేదు. ఏం చెయ్యను, మా పనిలో ప్లాటు హద్దు దాటి ఏదీ బయటికి రాదు, మోడల్లో మాత్రం. మర్నాడే కలయిక. కొత్త గాజు కోయించే టైము లేదు. గొడుగు కాడ నరకడానికి మామగారి ముఖం గుర్తొచ్చింది. టరెట్ ఇంకా అతికించలేదు కాబట్టి గిర్రున వెనక్కి తిప్పేశాను. గన్ను వెనకవైపు పలక మీదికి పోయింది, మూత సుఖంగా దిగింది. టరెట్‌తోపాటు మీసాల కమాండరు కూడా తిరిగాడు. ఇప్పుడు ఆయన ముఖం బండి వెనక్కి ఉంది. ఎవరు గమనిస్తారులే అనుకున్నాను.

గఫూర్ సాబ్ వచ్చీ రాగానే గమనించారు. అంతకంటే ముందు కందకాన్ని గమనించారు. ముందురోజు కాకాకు ఫోటో పంపి, దాన్ని తిరిగి కుడికి మార్చడం మరిచిపోయాను.

“యే క్యా హై శ్రీనివాస్ భాయ్? కందకం ఎడమకెట్లొచ్చింది? దానికి కాళ్లొచ్చినయా?”

“కాళ్లు గాదు, బుద్ధొచ్చింది,” అని వెనకనుంచి ఒక గొంతు వినబడింది. రాజమల్లు కాకా. కలయికకు రావాలా వద్దా అని ఊగుతూ ఊగుతూ, ముందు నా దుకాణం దాకా వచ్చి చూద్దామనుకున్నారట.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను బ్లేడ్లన్నీ సొరుగులో పెట్టాను.

“వచ్చినవా? డబ్బు గిట్ల ఇచ్చి మార్పిచ్చినవా?”

“నేనెందుకిస్త? ఉన్నది ఉన్నట్టు పెట్టిండు.”

“ఉన్నది ఉన్నట్టా? నా భుజం అబద్ధమాడుతదా?”

“నా చేతులు ఆడుతయా మరి?”

“ఎడమ ఏదో కుడి ఏదో తెల్వనోన్ని డ్రైవర్ జేసిండ్రు, అది నా నసీబ్!” గఫూర్ సాబ్ కోపం నా వైపు మళ్లింది. “నువ్వేంది భాయ్, గన్నునూ ఉల్టా తిప్పినవ్? నన్నూ ఉల్టా నిలబెట్టినవ్?”

“సాబ్, గాజు దిగలేదు,” అన్నాను. నా గొంతు కూడా వన్ బై సిక్స్‌టీన్ స్కేలులో వచ్చింది.

రాజమల్లు కాకా ఈ గొడవ వినడం లేదు. పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. ముందు కింద ఉన్న డ్రైవరును, పైన వెనక్కి తిరిగిన కమాండరును మార్చి మార్చి చూస్తున్నారు.

“సాబ్,” అన్నారు మెల్లగా. “గన్ను గిట్లనే ఉండె గద.”

“ఎట్ల?”

“ఫైరింగ్ అయిపోయి క్యాంపుకు వాపస్ వస్తున్నం. వాపస్ వచ్చేటప్పుడు గన్ను ఎనక్కి తిప్పి లాక్ జేసుడే గద. చేసింది నువ్వే.”

గఫూర్ సాబ్ మీసాలు ఒక్కసారి ఆగాయి. “ఔ... అది నిజమే. కానీ నేను ముందుకే తిరిగి నిలబడ్డ.”

“నిలబడ్డవ్. మల్ల తిరిగినవ్. ఎనక బండి దుమ్ముల మన మీదికి దూకుతున్నదని, హెడ్‌సెట్‌ల నీ తిట్టు నేనిన్న. ‘పీఛేవాలా అంధా హై క్యా’ అన్నవ్, ఎనకోడు గుడ్డోడా అని. గా తిట్టు ఎనకనే ‘బాయే, బాయే’ అన్నవ్.”

గఫూర్ సాబ్ ఎడమచేతిని మెల్లగా కుడి భుజం మీద పెట్టుకున్నారు. “జెండా,” అన్నారు. “ఎర్ర జెండా ఊపిన. వానికి కనబడలే.”

“ఇగ రా. ఎక్కు,” అన్నారు కాకా.

తర్వాత జరిగింది చూడ్డానికి నా దుకాణం ముందు కూరగాయల బండి కూడా ఆగింది. రాజమల్లు కాకా గుమ్మం వైపు ముఖం పెట్టి నేల మీద చతికిలబడి, రెండు చేతుల్లో నా రెండు స్కేళ్లు లివర్లలా పట్టుకున్నారు. గఫూర్ సాబ్ ఆయన వెనక నా ఇనుప స్టూలు ఎక్కారు, వీపు కాకా వైపు, ముఖం గోడ వైపు. నన్ను వెనక బండిగా ఉండమన్నారు. గోడ దగ్గర్నుంచి “డుర్ర్ర్” అంటూ వచ్చాను. చాలా బాగా చేశానని కూరగాయలాయన తర్వాత చెప్పాడు.

“అంధా హై క్యా!” అని నా మీద అరిచి, గఫూర్ సాబ్ ఎడమచెయ్యి బారుగా చాపారు. “బాయే!”

కాకా ఎడమచేతి స్కేలు లాగారు.

గఫూర్ సాబ్ చెయ్యి నా అలమార వైపు ఉంది. కాకా లాగిన స్కేలు ఎదురుగా ఉన్న కిటికీ వైపు ఉంది.

గఫూర్ సాబ్ స్టూలు మీదే నిలబడి కిటికీని చూశారు, అలమారను చూశారు. కిటికీ వైపున్నది ఆయన కుడి భుజం. ఆ పక్కకే కదా బండి ఒరిగింది.

కాకా స్కేళ్లు కింద పెట్టారు. “సాబ్, నాగలి కట్టినోడు ఎడ్లకు ఈపు జేసి అదిలిస్తడా?” జోడెడ్లలో ఎడమవైపుదాన్ని దాపటెద్దు అంటారు. “ఈపు జేసి ‘దాపటికి’ అంటే, ఎద్దు దాని దాపటికే పోతది. గది ఎద్దు తప్పా?”

“అంటే నువ్వు ఎద్దువా?”

“ఇన్నేండ్ల సంది నువ్వు అంతకన్న మంచి పేరేం పెట్టినవ్?”

గఫూర్ సాబ్ నవ్వబోయారు. నవ్వు సగంలో పాడైపోయింది. స్టూలు దిగడానికి ఎడమచెయ్యి చాపితే కాకా లేచి పట్టుకున్నారు.

“నీ చెయ్యి పోయింది నా లివర్ తోనే ఉస్తాద్,” అన్నారు కాకా. “గది మాత్రం నిజమే.” ఉస్తాద్ అని సైన్యంలో పై వాణ్ని పిలుస్తారు. దుకాణంలోకి వచ్చినప్పటినుంచి ఆయన నోట సాబ్ తప్ప ఆ మాట నేను వినలేదు.

“చుప్,” అన్నారు గఫూర్ సాబ్. “నువ్వు ఇన్నవ్. నేనే ఇనలే, ఇన్నేండ్లు.” వేరే ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, “బోథ్‌కు బస్సు ఎప్పుడున్నది నీకు?”

“ఉంటది ఏదో ఒకటి.”

“రేపు మీటింగు అయినంక పోదువు గానీ. మెట్‌పల్లి మీదికెళ్లే గద దారి. దిగి మా ఇంట్ల ఖిచ్డీ తిని పోదువు. మీ వదిన ఇంక అడుగుతనే ఉంటది, మల్లు ఎట్లున్నడని. ఏం జెప్పాలె, తెల్వదని చెప్పుకుంట వచ్చిన.”

మర్నాడు ఫంక్షన్ హాలుకు నేనే పెట్టె మోశాను. కాకా గుమ్మంలో అడుగు పెట్టగానే ఎవరో “డ్రైవరొచ్చిండు, దారియ్యండ్రి” అన్నారు. నవ్వు మొదలైంది. గఫూర్ సాబ్ గాజుమూత ఎత్తి పక్కన పెట్టమని నాకు సైగ చేసి, ఎడమచేత్తో బల్లను ఒక్కటి చరిచారు.

“అందరు ఇటు రాండ్రి. పైనుంచి గాదు, కిందికి వంగి చూడాలె. ఇగో వీడు నేను, ఎనక్కి చూస్తున్న. ఇగో వీడు మల్లు, ముందుకు చూస్తుండు. ఆర్డర్ నాది. కానీ ఎడమ మల్లుది. బండి నడిపేటోని ఎడమే ఎడమ.”

కాళ్లనొప్పులున్నవాళ్లు, నడుం పట్టినవాళ్లు, అందరూ ఒకరి తర్వాత ఒకరు మోకాళ్ల మీద కూర్చుని నేలబారుగా చూశారు. లేవడానికి కొందరికి ఇద్దరేసి మనుషులు కావాల్సి వచ్చింది. దారియ్యండ్రి అన్నాయన లేచి, కాకా పక్క కుర్చీ ఖాళీ చేసి, తాను గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఆ కుర్చీ చుట్టూ జనం తగ్గలేదు.

ఈ కేసు నాకు నేర్పింది చాలా చిన్న సంగతి, పనిలో మాత్రం రోజూ అక్కరకొస్తుంది. ఎవరైనా మోడలు చెయ్యమని వస్తే ఇప్పుడు నా మొదటి ప్రశ్న అదెంత పెద్దదని కాదు, మీరు ఎక్కడ నిలబడి, ఎటు చూస్తూ చెబుతున్నారని. ఇద్దరు ఒకే చోటు గురించి రెండు రకాలుగా చెబితే, వాళ్లలో ఒకరు అబద్ధమాడుతున్నారనుకునే ముందు, ఒకరినైనా స్టూలెక్కించి చూస్తాను. దుకాణంలో కుడి ఎడమలు నిషేధించాను. ఇంట్లోనూ ప్రయత్నించాను. చక్కెర డబ్బా ఎక్కడుందంటే మా ఆవిడ “ఈశాన్యంలో” అంటుంది, నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

నెల తర్వాత గఫూర్ సాబ్ మెట్‌పల్లి నుంచి ఫోను చేశారు. డయోరమా టీవీ పక్కన చక్కగా కూర్చుందట. కందకాన్ని ఎడమపక్కనే గమ్ము పెట్టి శాశ్వతంగా అతికించారట. గన్ను అలాగే వెనక్కి ఉంచారట.

“ఒక్క తక్కువున్నది భాయ్,” అన్నారు. “ఆ రోజు తీసెయ్యమన్న ఉత్తరం బాణం గుర్తు, పడేసినవా, ఉన్నదా?”

“ఉంది సాబ్. ఎందుకు?”

“మల్లు వచ్చిండు ఇంటికి. బాణం ముచ్చట చెప్పిన. మల్ల పెట్టియ్యమంటుండు. మనం ఎటు తిరిగినా అది తిరగది అంటుండు.”